దారిలో వింటున్నవి, చూస్తున్నవి, చదువుతున్నవి: ఒక పక్కవాద్య విద్వాంసుడిని తరచుగా అడిగే ప్రశ్నలు

నేను కచేరీలలో గాయకులకు తోడుగా వయొలిన్ పక్కవాద్యం వాయిస్తాను. ఏడాదిలో చాలా భాగం ఊరూరా తిరుగుతూనే గడుస్తుంది. కచేరీ అయ్యాక శ్రోతలూ విద్యార్థులూ వాయిద్యం గురించి అడిగేవాటికన్నా నేను ఏమి వింటాను, ఏ సినిమాలు చూస్తాను, రైల్లో ఏ పుస్తకం చదువుతాను అని అడిగేవే ఎక్కువ. వేదిక దిగే తొందరలో ఒకటి రెండు మాటలతో ముగించవలసిన సమాధానాలు కావు అవి. అందుకని తీరికగా ఇక్కడ రాస్తున్నాను. ఇందులో ఉన్నవన్నీ ప్రస్తుతం నాతో ప్రయాణం చేస్తున్నవి.

ప్రస్తుతం మీరు అన్నిటికన్నా ఎక్కువగా వింటున్న రికార్డు ఏది?

ద్వారం వేంకటస్వామి నాయుడుగారి (1893–1964) పాత గ్రామఫోను రికార్డులు. విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో ఆచార్యులుగా చేరి, ఆదిభట్ల నారాయణదాసుగారి తరువాత అక్కడే అధ్యక్షులైన మహానుభావుడాయన. వయొలిన్‌ను పక్కవాద్యంగా మాత్రమే చూసే రోజుల్లో దాన్ని కచేరీకి నడుమ కూర్చోబెట్టి, ఒక్క వాద్యంతోనే సభను నిండుగా నడపవచ్చునని చూపించారు.

నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ రికార్డులో ఒక్కో పక్కకు మూడు నిమిషాలకు కాస్త అటూ ఇటూగా మాత్రమే సంగీతం పట్టేది. ఆ చిన్న గదిలో రాగస్వరూపమంతా నిలబెట్టాలంటే వృథాగా ఒక్క స్వరమైనా ఉండకూడదు. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినేది ముఖ్యంగా ఆయన కమాను (వయొలిన్ తీగల మీద లాగే కర్ర) మళ్ళే చోటు. గాయకుడు మాట విరవకుండా ఊపిరి తీసుకునే తావు ఏదో, సరిగ్గా అక్కడే కమాను దిశ మారుతుంది. మారినట్లు చెవికి తెలియదు. నాదం ఎక్కడా పలచబడదు. మంద్రస్థాయిలో స్వరం మీద నిలిచినప్పుడు, తీగ మీద కమాను ఒత్తిడి మొదట ఎంతో చివర కూడా అంతే. సాధనలో ఒక్క షడ్జాన్ని ('స' స్వరాన్ని) ఆ తీరున పలికించడానికి ప్రయత్నించిన వాళ్ళకు ఆ మూడు నిమిషాల విలువ వెంటనే తెలుస్తుంది.

పక్కవాద్యం వాయించేవాళ్ళు వినే తీరు వేరుగా ఉంటుందా?

ఉంటుంది. నా ఇష్టాలన్నిటికీ మూలం అదే. ఏ రికార్డు పెట్టినా నా చెవి ముందుగా రెండవ మనిషి దగ్గరికి వెళుతుంది. గాయకుడు ఆలాపనలో ఒక సంచారం (రాగంలో స్వరాల నడక) ముగించి ఆగినప్పుడు వయొలిన్ దాని కొసను ఎంతసేపు పట్టుకుని ఉన్నది, ఏ స్వరం దగ్గర వదిలిపెట్టింది, తన వంతు వచ్చినప్పుడు గాయకుడు చూపిన దారిలోనే నడిచిందా లేక దాన్ని గౌరవిస్తూనే ఇంకొక వాకిలి తెరిచిందా అన్నవి నేను వినే సంగతులు. పక్కవాద్యకారుడి గొప్పతనంలో సగం అతడు వాయించకుండా వదిలిన చోట్లలోనే ఉంటుందని నా గట్టి నమ్మకం.

1966 అక్టోబరులో ఐక్యరాజ్య సమితి సభామందిరంలో ఎం.ఎస్.సుబ్బులక్ష్మిగారు చేసిన కచేరీ గురించి అందరూ ఆమె గాత్రాన్నే చెప్పుకుంటారు, చెప్పుకోవలసిందే. నేను మాత్రం వి.వి.సుబ్రహ్మణ్యంగారి వయొలిన్ కోసం, టి.కె.మూర్తిగారి మృదంగం కోసం దాన్ని మళ్ళీ మళ్ళీ వింటాను. కర్ణాటక సంగీతం ఎన్నడూ వినని వాళ్ళు ఎందరో కూర్చున్న ఆ సభలో, ఆ ఇద్దరూ తమ విద్వత్తును వేరుగా చాటుకోవడానికి చూడలేదు. ఆమె గొంతు నిలిచే నేలను చదును చేస్తూ పోయారు.

మంగళంపల్లి బాలమురళీకృష్ణగారికి అన్నవరపు రామస్వామిగారు వాయించిన కచేరీలు మరొక పాఠం. ఇద్దరికీ గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారే. ఒకే ఇంట నేర్చుకున్న చదువు కావడం వల్ల గాయకుడు ఎటు తిరుగుతాడో వయొలిన్‌కు ముందే తెలిసిపోతున్నట్లు అనిపిస్తుంది. బాలమురళిగారి స్వరకల్పన, అంటే అప్పటికప్పుడు అల్లే స్వరాల వరుస, ఉన్నట్టుండి మలుపు తిరిగే రకం. ఆ మలుపులో వెనుకబడకుండా, తోసుకుని ముందుకు పోకుండా పక్కనే నడవడం ఎంత కష్టమో వాయించేవాళ్ళకే తెలుస్తుంది.

గాత్రంలో మీకు ఇష్టమైనవి ఏవి?

విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయింది. ఆ తరువాతి దశాబ్దాలలో అక్కడి స్టూడియోలో పాడిన వాళ్ళ పేర్లు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. ఓలేటి వెంకటేశ్వర్లుగారు (1928–1989) నాకు వారిలో అందరికన్నా దగ్గరివారు. ఆయన రాగాన్ని తొందరపెట్టరు. హిందూస్తానీ బాణీని బాగా ఆకళించుకున్నవారు కనుక ఒక స్వరాన్ని సమీపించే తీరులో నిదానం ఉంటుంది, అయితే కర్ణాటక గమకం (స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికే తీరు) నుంచి ఇసుమంత కూడా పక్కకు జరగరు. శ్రీరంగం గోపాలరత్నంగారి లలిత సంగీతాన్ని, ముఖ్యంగా ఎంకి పాటలను, బడలికగా ఉన్న రాత్రుళ్ళు వింటాను. శాస్త్రీయ సంగీతంలో అంత పాండిత్యం ఉన్న గొంతు, పాట అడిగినంత మేరకే దాన్ని వాడుకోవడం గొప్ప సంయమనం.

నేదునూరి కృష్ణమూర్తిగారి (1927–2014) అన్నమాచార్య సంకీర్తనల గురించి కాస్త వివరంగా చెప్పాలి. తిరుమల సంకీర్తన భాండారంలో దొరికిన రాగిరేకుల మీద పాటకు రాగం పేరు ఉన్నది కానీ స్వరం లేదు. అందుచేత ఈనాడు మనం పాడుకుంటున్న వరుసలలో అత్యధికం ఇరవయ్యవ శతాబ్దపు విద్వాంసులు కూర్చినవే. రాళ్ళపల్లి అనంతకృష్ణ శర్మగారు ఆ బాటకు ఆద్యులు. నేదునూరివారు దాన్ని రాజమార్గం చేశారు. 'నానాటి బతుకు నాటకము' అన్న కీర్తనను ఆయన రేవతి రాగంలో కట్టిన తీరు చూడండి. వేదఘోషను గుర్తుకు తెచ్చే ఆ రాగంలో బ్రతుకు అశాశ్వతమన్న మాట ఏడుపుగా కాక, ఎరుకగా వినిపిస్తుంది. ఇది సుబ్బులక్ష్మిగారి గొంతులో దేశమంతా వ్యాపించింది. వరుస కట్టిన మనిషి పేరు తెలియకుండానే చాలామంది దాన్ని పాడుకుంటున్నారు. ఆ పేరు చెప్పకుండా ఆ పాటను ఏ వేదిక మీదా పరిచయం చేయకూడదని నేను అందరినీ కోరుతున్నాను.

సినిమా పాటలు వింటారా?

ఇష్టంగా వింటాను. శాస్త్రీయ సంగీతం వాయించేవాళ్ళకు సినిమా పాట చిన్నచూపు అన్న అభిప్రాయం ఎలా ప్రచారంలోకి వచ్చిందో నాకు అర్థం కాదు. ఘంటసాలగారు విజయనగరం సంగీత కళాశాలలో చదువుకుని వచ్చిన వారే.

ఈ పర్యటనలో ఎక్కువగా విన్న సినిమా పాటలు మూడు. మొదటిది 'మల్లీశ్వరి' (1951) లోని 'మనసున మల్లెల మాలలూగెనే'. సాలూరు రాజేశ్వరరావుగారి వరుస, దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి సాహిత్యం, భానుమతిగారి గానం అందరికీ తెలిసినవే. ఆ చిత్రానికి వాద్యగోష్ఠిలో తోడ్పడిన అద్దేపల్లి రామారావుగారి పేరు మాత్రం తక్కువగా వినబడుతుంది. గొంతు ఆగినచోట వాద్యాలు ఎంత మెత్తగా అందుకుంటాయో గమనిస్తే ఆయనను తలచుకోకుండా ఉండలేము.

రెండవది 'మాయాబజార్' (1957) లోని 'లాహిరి లాహిరి లాహిరిలో'. మోహన రాగానికి ఉన్నవి అయిదే స్వరాలు. వాటితో పడవ సాగినట్లుండే నడకను తెచ్చి, ఘంటసాల, లీల గార్ల గొంతులు ఒకదాన్ని ఒకటి ఒరుసుకోకుండా పక్కపక్కన సాగేలా చేశారు. నేను వయొలిన్ మొదలుపెట్టిన పిల్లలకు మోహన రాగం పరిచయం చేయడానికి ఈ పాటనే ముందుగా వినిపిస్తాను.

మూడవది 'జగదేకవీరుని కథ' (1961) లోని 'శివశంకరీ శివానందలహరి'. పింగళి నాగేంద్రరావుగారి రచన, పెండ్యాల నాగేశ్వరరావుగారి స్వరరచన, దర్బారీ కానడ రాగం. తెర మీద ఎన్.టి.రామారావుగారే పాడేవారుగానూ, ఆయనే పక్కవాద్యాలు వాయించేవారుగానూ అనేక రూపాలలో కనిపిస్తారు. గాయకుడూ పక్కవాద్యకారులూ ఒక్క మనసై ఉండాలన్నది మేమంతా జీవితకాలం పడే ఆరాటం. కె.వి.రెడ్డిగారు దాన్ని కళ్ళ ముందు బొమ్మ కట్టి చూపించారు.

కర్ణాటక సంగీతం కాక ఇతర సంగీతాలలో ఏవి వింటున్నారు?

రెండింటి గురించి చెబుతాను. పాశ్చాత్య స్వరకర్త బాఖ్ చెల్లో వాద్యానికి రచించిన ఆరు సూట్లను (రచనల వరుసలను) చెల్లో విద్వాంసుడు పాబ్లో కసాల్స్ 1936 నుంచి 1939 వరకు రికార్డు చేశారు. పదమూడేళ్ళ వయసులో బార్సెలోనాలోని ఒక అంగడిలో ఆ రచనల పాత ప్రతి ఆయన కంటబడింది. అప్పటి నుంచీ రోజూ సాధన చేస్తూ వచ్చినా, వాటిని పూర్తిగా రికార్డు చేసేనాటికి ఆయనకు అరవై ఏళ్ళు దాటాయి. మన వర్ణాలను (సాధనకు వాడే సంగీత రచనలను) నిత్యం సాధన చేసే వాళ్ళకు ఈ కథ వింతగా అనిపించదు. తోడుగా వేరే వాద్యమేదీ లేకుండా ఒక్క చెల్లో తనకు తానే పాటగా, తనకు తానే పక్కవాద్యంగా మారే పద్ధతి కోసం నేను దీన్ని వింటాను.

రెండవది జాజ్. పియానిస్టు బిల్ ఎవాన్స్, బేస్ వాయించే స్కాట్ లఫారో, డ్రమ్స్ వాయించే పాల్ మోషియన్ ముగ్గురూ కలిసి 1961 జూన్ 25న న్యూయార్కులోని విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో వాయించినది. అమెరికా పర్యటనలో కచేరీకీ కచేరీకీ మధ్య రాత్రిపూట కారు ప్రయాణాలలో నాకు ఇది అలవాటయింది. బేస్ అంటే వెనుక నుంచి తాళం మోసే వాద్యమన్న అలవాటును లఫారో అందులో పూర్తిగా మార్చేశాడు. అతడు పియానోకు బదులు చెబుతాడు, అడ్డు తగులుతాడు, ఒక్కొక్కసారి తానే ముందు మాట అంటాడు. అయినా ఎక్కడా ఎవరూ ఎవరినీ మించిపోవాలని చూడరు. మన కచేరీలో నెరవు (సాహిత్యంలోని ఒకే పంక్తిని రకరకాలుగా విస్తరించడం) బాగా కుదిరిన రోజున జరిగేది ఇదే. గ్లాసులు తగిలిన చప్పుడూ, శ్రోతల మాటలూ కూడా ఆ రికార్డులో వినిపిస్తాయి. ఇది జరిగిన పదకొండు రోజులకే, ఇరవై అయిదేళ్ళ వయసులో లఫారో కారు ప్రమాదంలో చనిపోయాడు. అది తెలిసిన తరువాత ఆ బేస్‌ను పైపైన వినడం నావల్ల కాలేదు.

సినిమాలలో మీకు దగ్గరైనవి ఏవి?

సత్యజిత్ రాయ్ తీసిన 'జల్సాఘర్' (1958). సంపద కరిగిపోతున్నా తన సంగీత మందిరంలో చివరి కచేరీ జరిపించాలని పట్టుబట్టే జమీందారు కథ. సంగీతం ఉస్తాద్ విలాయత్ ఖాన్. బేగం అఖ్తర్ స్వయంగా తెర మీద పాడతారు. రాయ్ కెమెరా పాడేవారిని ఎంత శ్రద్ధగా చూస్తుందో, వినేవారినీ అంతే శ్రద్ధగా చూస్తుంది. జమీందారు వేళ్ళ కదలిక, పక్కన కూర్చున్న ధనవంతుడి ఇబ్బంది, సేవకుడి కళ్ళలోని ఆనందం అన్నీ కనిపిస్తాయి. వేదిక మీద కూర్చునే వాళ్ళం రోజూ చూసేది ఆ ముఖాలనే కదా. విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం సంస్థానాల ఆదరణతో బ్రతికిన సంగీతానికి వారసులం కనుక ఆ సినిమా మనకు పరాయిదిగా అనిపించదు.

'శంకరాభరణం' (1980) గురించి కొత్తగా చెప్పడానికి ఏముంటుందని అనుకోవద్దు. కె.విశ్వనాథ్‌గారి ఆ చిత్రంలో చివరి కచేరీని పక్కవాద్యకారుడి కళ్ళతో మరొక్కసారి చూడండి. 'దొరకునా ఇటువంటి సేవ' పాడుతూ శంకరశాస్త్రి గొంతు ఆగిపోతుంది. పాట ఆగదు. పిల్లవాడు అదే చోట, అదే కాలప్రమాణంలో అందుకుంటాడు. అందుకోవడమన్న పనికి తెలుగు తెర మీద ఇంతటి గౌరవం మరెక్కడా దక్కలేదని నేను అనుకుంటాను.

చిత్తూరు నాగయ్యగారి 'త్యాగయ్య' (1946) కూడా దగ్గర ఉంచుకుంటాను. నటన, సంగీతం, దర్శకత్వం మూడూ ఆయనవే.

రైల్లో, విమానంలో ఏ పుస్తకాలు చదువుతున్నారు?

ఏనుగుల వీరాస్వామయ్యగారి 'కాశీయాత్ర చరిత్ర' నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసిన ఆయన 1830 మే 18న బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి మద్రాసు చేరుకున్నారు. తిరుపతి, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశికి వెళ్ళి, గయ, కలకత్తా, జగన్నాథం చూసుకుని సముద్ర తీరం వెంట మన ఉత్తర సర్కారు జిల్లాల గుండా తిరిగి వచ్చారు. దారిలో తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళైగారికి రాసి పంపిన సంగతులనే ఆ మిత్రుడు 1838లో అచ్చు వేయించారు.

ఊళ్ళు తిరిగే వృత్తిలో ఉన్న మనిషికి ఈ పుస్తకం ఇచ్చే ధైర్యం ఇంతా అంతా కాదు. ఆయన ప్రతి మజిలీలోనూ దారి ఇసుకదా రాతిదా, నీళ్ళు మంచివా కావా, అంగళ్ళు ఉన్నాయా, దిగడానికి చోటు దొరుకుతుందా అన్న వివరాలు రాసుకుంటూ పోతారు. ఎక్కడా విసుగు కనిపించదు. ఊరు చిన్నదని చూపు తగ్గించరు. నేను కూడా దిగిన ప్రతి ఊరి గురించి, అక్కడి సభ మందిరంలో నాదం ఎలా పలుకుతుంది, మైకు పెట్టే కుర్రవాడు ఎంత శ్రద్ధగలవాడు, ఎటువంటి రాగానికి శ్రోతలు కదిలారు అని రాసుకోవడం ఈ పుస్తకం వల్లనే మొదలుపెట్టాను.

సుబ్బరామ దీక్షితులవారి 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' రెండవది. 1904లో తమిళదేశంలోని ఎట్టయాపురంలో, ఆ సంస్థానం ఆదరణతో అచ్చయిన ఈ మహాగ్రంథం తెలుగు లిపిలో ఉన్నది. ముత్తుస్వామి దీక్షితుల కృతులకు ఇంతకన్నా పెద్ద ఆధారం లేదు. గమకం పలికే స్వరాల మీద ఆ గమకానికి ఒక గుర్తు ఉంటుంది. కంపితమా, జారా, స్ఫురితమా అన్నది చదువుతూనే చెవికి వినిపించేలా అచ్చు వేయించడం ఆనాటి ముద్రణాలయాలకు ఎంత శ్రమో ఊహించుకోవచ్చు. వయొలిన్ వాయించేవాళ్ళకు ఈ గ్రంథంతో మరొక చుట్టరికం కూడా ఉంది. కర్ణాటక సంగీతంలోకి వయొలిన్‌ను తెచ్చిన బాలుస్వామి దీక్షితులు (1786–1858) ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు. ఆ బాలుస్వామివారి దౌహిత్రుడూ (కూతురి కొడుకు), దత్తపుత్రుడూ అయినవారే సుబ్బరామ దీక్షితులు. తెలుగు చదవడం వచ్చి సంగీతం నేర్చుకుంటున్న ప్రతి ఒక్కరికీ ఈ పుస్తకం నేరుగా అందుతుంది. మన విద్యార్థులు దీన్ని ఇంకా ఎక్కువగా తెరవాలని నా కోరిక.

బాలాంత్రపు రజనీకాంతరావుగారి 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము' 1961లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం పొందింది. పాడే ప్రతి కృతి వెనుక ఉన్న మనిషిని తెలుసుకోవడానికి దాన్ని చూస్తాను. ఆదిభట్ల నారాయణదాసుగారి స్వీయచరిత్ర 'నా యెఱుక' చదువుతుంటే హరికథ చెబుతూ ఊళ్ళు తిరిగిన ఆ మహా కళాకారుడి గొంతే వినిపిస్తుంది.

కథలలో చెఖోవ్ రాసిన 'రాత్‌షిల్డ్ వయొలిన్' (1894) ఒక్కటి చెప్పి ఊరుకుంటాను. శవపేటికలు చేసే యాకొవ్ బ్రతుకంతా తనకు వచ్చిన నష్టాలను లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. తాను చీదరించుకున్న ఫ్లూటు వాద్యకారుడికే చివరికి తన వయొలిన్‌ను వదిలిపోతాడు. ఆ వాద్యం మీద యాకొవ్ పలికించిన దుఃఖాన్ని రెండవవాడు వాయించబోయినప్పుడు ఊరంతా ఏడుస్తుంది. ఒకరి బాణీ మరొకరి చేతిలోకి ఎలా వెళుతుందో ఇంత తక్కువ పుటలలో ఎవరూ చెప్పలేదు.

కచేరీ రోజున ఏమి వింటారు?

తంబురా శ్రుతి తప్ప మరేమీ వినను. ఆ రోజు పాడేవారి ఆలోచనకు నా చెవి ఖాళీగా ఉండాలి.

కొత్త గాయకులతో పర్యటనకు ముందు ఎలా సిద్ధమవుతారు?

వారి కచేరీల రికార్డింగులు తెప్పించుకుని, వారి శ్రుతికి (పాటకు ఆధారమైన 'స' స్థాయికి) వయొలిన్ సవరించుకుని, వాటితోపాటు వాయిస్తాను. పురుషులకు తరచుగా ఒకటి, ఒకటిన్నర శ్రుతి. స్త్రీలకు అయిదు, అయిదున్నర. శ్రుతి మారితే తీగల బిగువు మారుతుంది, కమాను ఒత్తిడి మారుతుంది, అదే రాగంలో వేళ్ళకు తగిలే స్పర్శ కూడా మారుతుంది. వారు పాడే కృతుల పాఠాంతరాలు నేను నేర్చుకున్నదానికి భిన్నంగా ఉంటే వారి పాఠాన్నే రాసుకుని సాధన చేస్తాను. వేదిక మీద నా గురువుల పాఠాన్ని నిలబెట్టుకోవడం పక్కవాద్యకారుడి పని కాదు.

ఇప్పటి యువ కళాకారులలో మీకు ఎవరు ఇష్టం?

పేర్లు చెప్పను. వారిలో చాలామంది పక్కన నేను కూర్చోవలసినవాడిని. ఒకరి పేరు చెబితే మరొకరి మనసు నొచ్చుకుంటుంది. విజయవాడ, హైదరాబాదు, విశాఖపట్నం సభలలో సాయంత్రం మొదటి కచేరీకి పెందలాడే వెళ్ళి కూర్చోండి. మంచి గొంతులు మీకే దొరుకుతాయి.

పాత రికార్డింగులు ఇంటర్నెట్టులో విన్నప్పుడు జాగ్రత్తపడవలసినది ఏమైనా ఉందా?

ఉంది. పాత 78 రికార్డులనూ టేపులనూ డిజిటల్ రూపంలోకి మార్చేటప్పుడు వేగం సరిగ్గా కుదరకపోతే శ్రుతి పెరిగిపోతుంది, లేదా తగ్గిపోతుంది. ఒకటిన్నర శ్రుతిలో పాడినవారి గొంతు రెండున్నరలో సన్నగా వినిపిస్తే, ఆయన గొంతు అంతేనని విద్యార్థులు అనుకుంటారు. గమకాల వేగం కూడా మారిపోతుంది కనుక నేర్చుకునేవాళ్ళకు ఇది చిన్న లోపం కాదు. అదే విద్వాంసుడి రికార్డింగులు రెండు మూడు పోల్చి చూసుకోవాలి. వాటిని ఎక్కించేవారు పక్కవాద్యకారుల పేర్లు కూడా రాయాలని వేడుకుంటున్నాను. గాయకుడి పేరు, రాగం పేరు, సంవత్సరం అన్నీ ఉండి, వయొలిన్, మృదంగం ఎవరివో లేని రికార్డింగులు ఎన్నో ఉన్నాయి.

వయొలిన్ నేర్చుకునే విద్యార్థి వీటిలో దేనితో మొదలుపెట్టాలి?

ఒకే కృతితో. మీ గురువుగారు ఇప్పుడు చెబుతున్న కృతినే తీసుకోండి. దాన్ని ముగ్గురు వేర్వేరు గాయకుల గొంతులో వినండి. మొదటిసారి సాహిత్యం చూసుకుంటూ, రెండవసారి సంగతుల (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే రూపాల) క్రమం రాసుకుంటూ వినాలి. మూడవసారి గాత్రాన్ని మనసులో పక్కకు పెట్టి, వయొలిన్ ఎక్కడ వాయించింది, ఎక్కడ ఆగింది అన్నది మాత్రమే గమనించాలి. ఆగిన చోట్లను పుస్తకంలో గుర్తు పెట్టుకుని, మరునాడు సాధనలో గురువుగారు పాడుతుండగా ఆ చోట్లలోనే కమాను ఎత్తి చూడండి.